‘జెంటూ’ అనే పాత మాట: పుట్టుక, అర్థాలు, మన పూర్వుల కాగితాలలో దాని స్థానం

‘జెంటూ’ అనేది ఐరోపావారు భారతదేశంలో దాదాపు మూడు వందల ఏండ్లు వాడి విడిచిపెట్టిన మాట. మొదట ఈ మాటకు హిందువు అని అర్థం. తరువాత మద్రాసు ప్రాంతంలో తెలుగువాడు అనీ, తెలుగు భాష అనీ అర్థాలు స్థిరపడ్డాయి. నేడు ఏ ఐరోపా భాషలోను ఈ అర్థాలలో దీనిని ఎవరూ వాడరు. అయినా తోటల పనికి సముద్రాలు దాటి వెళ్లిన మన పూర్వుల పాత కాగితాలలోను, పాత నిఘంటువులలోను, వ్యాకరణాలలోను ఇది ఇంకా కనిపిస్తూనే ఉంది.

పూర్వుల కాగితాలు చేతపట్టుకొని మా ఆలయ కమిటీ వద్దకు వచ్చే కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు రెండు. మొదటిది: “మా తాతగారి తాతగారి పేరు ఎదుట కులం గడిలో జెంటూ అని ఉంది, అది ఏ కులం?” రెండవది: “ఇది మనలను తిట్టిన మాటా?” ఈ రెండింటికి సమాధానం ఒకేచోట ఉండాలనే ఉద్దేశంతో ఈ వ్యాసం వ్రాస్తున్నాము. క్లుప్తంగా చెప్పాలంటే, జెంటూ కులం కాదు, ఊరు కాదు, ఇంటిపేరు కాదు. అది ఇతరులు మనకు పెట్టిన పేరు. ఆ పేరు మన దాకా ఎలా వచ్చిందో క్రమంగా చెప్పుకొందాము.

లాటిను మూలం

ఈ మాటకు వేరు లాటిను భాషలోని ‘జెన్స్’ అనే పదంలో ఉంది. పాత రోమునగరంలో జెన్స్ అంటే ఒకే మూలపురుషుని నుండి వచ్చిన వంశం, మన మాటలో చెప్పాలంటే ఒక ఇంటిపేరువారు. దాని నుండి పుట్టిన ‘జెంటిలిస్’ అనే విశేషణానికి ‘మన వంశంవాడు, మనవాడు’ అని అర్థం.

అటువంటి మాట తలక్రిందులైనది మతగ్రంథాల అనువాదంలో. యూదులు తాము కాని ఇతర జనులను హీబ్రూలో ‘గోయిం’ అనేవారు. గ్రీకులో దానిని ‘ఎత్నే’ అన్నారు. బైబిలును లాటినులోకి తెచ్చినప్పుడు ఆ చోట ‘జెంటెస్’ అనే మాట నిలిచింది. అప్పటినుండి జెంటిలిస్ అంటే ‘మన మతంవాడు కానివాడు, విగ్రహాలను పూజించేవాడు’ అనే అర్థం క్రైస్తవ దేశాలన్నింటిలో వ్యాపించింది. ‘మనవాడు’ అనే మాట ‘పరాయివాడు’ అయింది.

అయితే పాత అర్థం కూడ పూర్తిగా చావలేదు. ఫ్రెంచిలో ‘జాంతీ’ అంటే ముందు మంచి వంశంలో పుట్టినవాడు, తరువాత సౌమ్యుడు. అక్కడినుండి ఇంగ్లీషులోకి జెంటిల్, జెంటీల్, జాంటీ అనే మాటలు వెళ్లాయి. మనం నిత్యం వినే ‘జెంటిల్‌మన్’ కూడ ఆ కుటుంబంలోనిదే. ఒకే వేరునుండి ఒక కొమ్మ మర్యాదస్థునికి పేరు కాగా, మరొక కొమ్మ అన్యమతస్థునికి పేరయింది.

ఇంకొక సంగతి కూడ తెలుసుకోదగినది. లాటిను ‘జెన్స్’, సంస్కృతంలోని ‘జన్’ ధాతువు ఒకే ప్రాచీన మూలంనుండి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించారు. జనము, జన్మ, జాతి, జంతువు అనే మాటలన్నీ ఈ ధాతువునుండి వచ్చినవే. ఈ చుట్టరికం వల్ల ఒక పండితుడు పొరపడిన కథ ముందు వస్తుంది.

పోర్చుగీసు: జెంతియు

1498 మే నెలలో వాస్కో డ గామా కాలికట్టు చేరినప్పుడు అతని మనుషుల లెక్కలో లోకంలో రెండే పక్షాలు ఉండేవి: ఒకటి క్రైస్తవులు, రెండవది ముస్లిములు. ముస్లిములను వారు ‘మౌరులు’ అనేవారు. ఇంగ్లీషులో అదే ‘మూర్’ అయింది. కాలికట్టువారు మౌరులు కారు గనుక క్రైస్తవులే అయి ఉంటారని వారు తలచారు. అక్కడి దేవాలయాన్ని చర్చి అనుకొని మ్రొక్కారు కూడ. 1500లో బయలుదేరిన కబ్రాల్ నౌకాదళం తిరిగి వెళ్లిన తరువాత గాని పోర్చుగలులో ఆ భ్రమ తొలగలేదు.

ఈ జనులు క్రైస్తవులు కారు, మౌరులు కారు, యూదులు కారు. మరి ఏమని పిలవాలి? పోర్చుగీసు భాషలో అన్యమతస్థులకు సిద్ధంగా ఉన్న మాట ‘జెంతియు’. అదే మాటను వారు ఆఫ్రికా తీరంలోను, బ్రెజిలులోను అక్కడి మూలవాసులకు కూడ వాడారు. అనగా ఈ మాట పుట్టుకలో భారతదేశానికి సంబంధించినది ఏదీ లేదు. ఎక్కడ దిగితే అక్కడి వారి నెత్తిన పెట్టడానికి నౌకలో వెంట తెచ్చుకొన్న పేరు అది.

1516 ప్రాంతంలో దుయార్తే బర్బోసా వ్రాసిన గ్రంథంలో తీరదేశాల జనులు మౌరులు, జెంతియులు అనే రెండు వర్గాలుగా కనిపిస్తారు. సుమారు 1520లో డొమింగో పాయెస్, 1535 ప్రాంతంలో ఫెర్నావ్ నూనిజ్ విజయనగరాన్ని వర్ణించినప్పుడు కూడ ఇదే పరిభాష.

తెలుగువారిని ప్రత్యేకించి చెప్పడానికి పోర్చుగీసువారికి వేరొక మాట ఉండేది. అది ‘బడగ’. తమిళులు తమకు ఉత్తరాన ఉన్న తెలుగువారిని ‘వడుగర్’ అంటారు. ఉత్తరాదివారు అని దాని అర్థం. ఆ మాటే పోర్చుగీసు నోట బడగ అయింది. 1544లో ముత్యాల రేవులమీద విజయనగర పక్షపు సైనికులు దాడి చేసినప్పుడు మతగురువు ఫ్రాన్సిస్ జేవియర్ తన లేఖలలో వారిని బడగలనే పేర్కొన్నాడు.

గోవాలో జెంతియు మాట చాలకాలం నిలిచింది. 1880లో పోర్చుగీసు ప్రభుత్వం అక్కడి హిందువుల ఆచార వ్యవహారాలపై చేసిన డిక్రీలో వారిని ‘జెంతియు హిందువులు’ అని వ్రాశారు. ఇంగ్లీషులో ఈ మాట మూలపడిన తరువాత కూడ గోవా న్యాయస్థానాలలో అది బ్రతికి ఉందన్నమాట.

డచ్చి, ఫ్రెంచి, ఇటాలియను, జర్మను

పోర్చుగీసు భాష ఆనాడు హిందూ మహాసముద్రపు రేవులన్నింటిలో వ్యాపారభాష. తరువాత వచ్చిన ఐరోపా జాతులవారు స్థానికులతో ఆ భాషలోనే మాట్లాడేవారు. అందువల్ల మాటలు కూడ చేతులు మారాయి.

డచ్చివారు దీనిని ‘జెంటీఫ్’ అని మార్చుకొన్నారు. అయితే వారి గ్రంథాలలో సొంతమాట ‘హైడెన్’ ఎక్కువ. దాని అర్థమూ అన్యమతస్థుడనే. డచ్చి కంపెనీ 1613లో పులికాటులో గెల్డ్రియా కోటను కట్టింది. ఆ కోటలో మతగురువుగా ఉన్న అబ్రహాం రొజేరియస్, పద్మనాభుడనే బ్రాహ్మణుని వద్ద విని వ్రాసుకొన్న విషయాలు 1651లో లైడెను నగరంలో పుస్తకంగా వెలువడ్డాయి. మన మతాచారాలను నిదానంగా విని వ్రాసిన తొలి ఐరోపా గ్రంథాలలో అది ఒకటి. అంత శ్రద్ధతో వ్రాసిన ఆ పుస్తకపు పేరులో కూడ మన మతానికి ఉన్న పేరు ‘అన్యమతం’ అనేదే.

ఫ్రెంచివారు ‘జాంతీ’ అనే తమ మాటను వాడారు. ఫ్రాన్స్వా బెర్నియే 1667లో వ్రాసిన లేఖ శీర్షికలోనే ‘హిందువులు లేక జాంతీలు’ అని రెండు పేర్లు ప్రక్క ప్రక్కన ఉన్నాయి. నూరేండ్ల తరువాత ఇంగ్లీషు పుస్తకాలు చదివిన ఫ్రెంచి రచయితలు ఇంగ్లీషు రూపాన్నే తిరిగి అరువు తెచ్చుకొని ‘జాంతూ’ అని వ్రాశారు. అట్లా ఫ్రెంచిలో ఒకే మాట రెండు వేషాలతో తిరిగింది. ఇటాలియను యాత్రికులు ‘జెంటీలి’ అన్నారు.

జర్మనుల దారి వేరు. హాలే నగరపు మిషనరీ బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చి, 1728లో లాటినులో తెలుగు వ్యాకరణం వ్రాశాడు. ఆయన ఈ భాషను ‘తెలుగిక’ అనీ, తమిళుల నోటి మాటను బట్టి ‘వరుగిక’ అనీ వ్యవహరించాడు. 1746లో హాలేలో ఆయన అచ్చువేయించినవే అచ్చులో వెలువడిన మొదటి తెలుగు పుస్తకాలు. భాషకు దాని సొంత పేరు పెట్టిన ఐరోపావారు కూడ ఉన్నారని చెప్పడానికి ఈ ఉదాహరణ ఇచ్చాము.

ఇంగ్లీషు: హిందువునుండి తెలుగువానికి

ఇంగ్లీషువారు పోర్చుగీసు ‘జెంతియు’ను విని ‘జెంటూ’ అన్నారు. పదిహేడు, పద్దెనిమిదవ శతాబ్దాలలో ఈ మాటకు వారి నోట రెండు అర్థాలు ఉండేవి.

ఒకటి, హిందువు. బెంగాలులో ఈ అర్థమే ప్రధానం. దీనికి పేరొందిన ఉదాహరణ 1776లో లండనులో అచ్చయిన ‘జెంటూ ధర్మశాస్త్రం’. వారన్ హేస్టింగ్సు కోరికపై పదకొండుమంది పండితులు సంస్కృతంలో కూర్చిన స్మృతి సంగ్రహాన్ని ముందు పారసీలోకి, పారసీనుండి ఇంగ్లీషులోకి మార్చారు. ఇంగ్లీషు చేసినవాడు నథానియల్ బ్రాసీ హాల్‌హెడ్. పుస్తకం పేరు చూచి ఇది తెలుగువారి ధర్మశాస్త్రమని కొందరు అనుకొంటారు. అది సరి కాదు. అది హిందూ ధర్మశాస్త్రం.

హాల్‌హెడ్ తన పీఠికలో ఈ మాట పుట్టుకను కూడ చర్చించాడు. సంస్కృతంలో ‘జంతు’ అనే శబ్దానికి ప్రాణి అనీ, కొంత సంకుచితంగా మనిషి అనీ అర్థాలున్నాయి గనుక, పోర్చుగీసువారు ఈ దేశంలో ఆ శబ్దమే విని పట్టుకొని ఉంటారని అతని ఊహ. ఆ ఊహ నిలువలేదు. పోర్చుగీసువారు భారతదేశం చూడకమునుపే జెంతియు మాట వారి భాషలో ఉంది. అయితే పైన చెప్పినట్లు జెన్స్, జంతువు రెండూ అతి ప్రాచీన కాలంలో ఒక మూలంనుండి పుట్టినవే. హాల్‌హెడ్ తండ్రీకొడుకులనుకొన్న మాటలు దూరపు జ్ఞాతులుగా తేలాయి. మన పిల్లలు నేటికీ ‘జెంటూ అంటే జంతువట, మనలను జంతువులన్నారట’ అని వచ్చి చెపుతుంటారు. వారికి ఈ సంగతి విడమరచి చెప్పడం పెద్దల పని.

రెండవ అర్థం, తెలుగువాడు, తెలుగు భాష. ఇది మద్రాసుది. 1670లలో మద్రాసు చూచిన వైద్యుడు జాన్ ఫ్రయర్, అక్కడివారి భాషను సాధారణంగా జెంటూ అంటారనీ, దాని అసలు పేరు తెలింగ అనీ వ్రాశాడు. ఆ శతాబ్దపు మద్రాసు కోట రికార్డులలో కోట వెలుపల భారతీయులున్న పేటకు ‘జెంటూ టౌన్’ అనే పేరు కూడ కనిపిస్తుంది. తమిళులకు ఆ రికార్డులలో ఉన్న పేరు ‘మలబారులు’. అనగా మద్రాసు గుమాస్తా లెక్కలో జెంటూ, మలబారు, మూర్ అనే మూడు గడులు ఉండేవి. తెలుగువాడు ఒకదానిలో, తమిళుడు ఒకదానిలో, ముస్లిము ఒకదానిలో పడేవారు.

తెలుగువారికే ఎందుకు అంటింది?

హిందువులందరి పేరు ఒక భాషవారికే ఎందుకు మిగిలింది? 1886లో యూల్, బర్నెల్ అనే ఇద్దరు పండితులు ప్రకటించిన ‘హాబ్సన్-జాబ్సన్’ అనే నిఘంటువులో దీనికొక సమాధానం ఉంది. పోర్చుగీసువారు వచ్చిననాడు దక్షిణదేశంలో అధిక భాగం విజయనగర ప్రభువుల ఏలుబడిలో ఉంది. ఆ ప్రభువులను వారు తెలుగు రాజులుగా గుర్తించారు. జెంతియుల రాజు అంటే విజయనగర రాజు. కాబట్టి జెంతియుల భాష అంటే ఆ రాజుల భాష అయింది.

మద్రాసు చరిత్ర చూస్తే ఈ మాట బలపడుతుంది. 1639లో ఆ తీరపు భూమిని ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చినవాడు దామెర్ల వేంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరుమీదనే చెన్నపట్నం వెలిసింది. పైన ప్రభువు చంద్రగిరిలోని విజయనగర రాజు. కంపెనీవారికి తొలినాళ్లలో మధ్యవర్తిగా నిలిచిన బేరి తిమ్మప్ప కూడ తెలుగువాడే. కోటకు వచ్చే ఫర్మానా తెలుగు ప్రభువుదైనప్పుడు, బేరం తెలుగులో సాగినప్పుడు, కోటలోని దొరకు జెంటూ అంటే తెలుగు అని తోచడంలో ఆశ్చర్యం లేదు.

ఉత్తర భారతంలో మరొక మాట ఇటువంటి దారినే నడిచింది. కంపెనీ తొలి సిపాయిలు దక్షిణాదినుండి, అందులోను తెలుగుదేశంనుండి వెళ్లినవారు గనుక, అక్కడి జనులు సిపాయిలందరిని ‘తిలంగాలు’ అన్నారు. 1857 తిరుగుబాటు నాటికి అవధు రైతుబిడ్డ సిపాయి అయినా అతడు తిలంగాయే. ఒకచోట హిందువుల పేరు తెలుగువారికి అంటింది. ఇంకొకచోట తెలుగువారి పేరు సిపాయిలందరికి అంటింది.

మాట మూలపడిన తీరు

పద్దెనిమిదవ శతాబ్దం చివర హిందువు అనే అర్థంలో ‘హిందూ’ అనే మాటే ఇంగ్లీషులో స్థిరపడింది. అదీ ఒకప్పుడు పారసీకులు సింధునదిని బట్టి పెట్టిన పేరే. ఆ దెబ్బతో బెంగాలులో జెంటూ మూలపడింది. మద్రాసులో మాత్రం తెలుగు అనే అర్థంలో మరికొంతకాలం ఊపిరి నిలుపుకొంది.

పుస్తకాల పేర్లే ఈ మార్పుకు సాక్షులు. 1814లో శ్రీరాంపూరులో విలియం కేరీ అచ్చువేసిన వ్యాకరణంలో భాష పేరు ‘తెలింగ’. 1816లో మద్రాసులో ఎ. డి. క్యాంబెల్ అచ్చువేసిన వ్యాకరణానికి ‘సాధారణంగా జెంటూ అనబడే తెలుగు భాషా వ్యాకరణం’ అని పేరు. దీనిలోనే ఎల్లిస్ దొర తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతంనుండి పుట్టినవి కావనీ, వాటిది వేరే కుటుంబమనీ నిరూపించాడు. మరుసటి సంవత్సరం 1817లో విలియం బ్రౌన్ అనే మరొక ఆంగ్లేయుడు ‘జెంటూ భాషా వ్యాకరణం’ అనే పేరుతోనే పుస్తకం తెచ్చాడు. ఇతనిని మన సి. పి. బ్రౌనుతో కలపరాదు. సి. పి. బ్రౌను వ్యాకరణం 1840లో, తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడ్డాయి. అప్పటికి పుస్తకపు అట్టమీద ‘తెలుగు’ అనే పేరే నిలిచింది.

ఓడ పట్టీలలో జెంటూ

పుస్తకాలలో మాయమైన మాట గుమాస్తాల కలంలో వెంటనే మాయం కాలేదు. మన పూర్వులు ఓడలెక్కినది సరిగా ఆ సంధికాలంలోనే. మారిషసుకు 1830లలో, నటాలుకు 1860లో వలస మొదలైంది. మద్రాసునుండి బయలుదేరిన ‘ట్రూరో’ ఓడ 1860 నవంబరు 16న డర్బను చేరింది. అప్పటినుండి 1911 వరకు నటాలుకు వెళ్లినవారు 1,52,184 మంది. వారిలో దాదాపు మూడింట రెండు వంతులు మద్రాసు రేవునుండి ఎక్కినవారు. ఫిజీకి మద్రాసునుండి ఓడలు వెళ్లడం 1903లో మొదలైంది.

ఓడ పట్టీలో ఒక్కొక్కరికి ఒక వరుస: సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం. కులం గడిలో కొందరికి కాపు, గవర, గొల్ల, వెలమ అని నిజమైన కులనామం ఉంటుంది. కొందరికి అడిగేవానికి ఓపిక లేకనో, చెప్పేవానికి చెప్పాలని లేకనో, జెంటూ, మలబారు, క్రిస్టియన్ వంటి గుత్తపేరు ఉంటుంది. నటాలుకు వెళ్లిన తొలి ఓడల పట్టీలలో ఇట్లాంటి గుత్తపేర్లు ఉన్నాయి. ఆ గడిలో జెంటూ అని కనిపిస్తే గ్రహించవలసినది ఒక్కటే: ఎదుట నిలిచిన మనిషి తెలుగు మాట్లాడుతున్నాడని ఆ గుమాస్తా గుర్తించాడు. అంతకుమించి కులం, గోత్రం, ఊరు ఏదీ ఆ మాట చెప్పదు.

జెంటూతో పాటు మన కాగితాలలో కనిపించే మరికొన్ని పేర్లకు కూడ ఇక్కడే అర్థాలు ఇస్తున్నాము.

*తెలింగ, తెలంగ:* తెలుగువాడు. త్రిలింగ, తెలంగాణ శబ్దాలతో చుట్టరికం. నేటి తెలంగాణ రాష్ట్రంవాడని దీని అర్థం కాదు. విశాఖపట్నం జిల్లావానికి కూడ ఇదే వ్రాశారు. ‘తెలగ’ మాత్రం కులనామం. రెండింటిని కలపరాదు.

*కోరంగి:* గోదావరి ముఖద్వారం వద్ద ఉన్న రేవు. 1789లోను, 1839లోను వచ్చిన తుఫాను ఉప్పెనలకు ఆ ఊరు రెండుసార్లు నాశనమైంది. అయినా ఆ రేవునుండి ఓడలెక్కి వెళ్లిన జనానికి దాని పేరు మిగిలింది. మారిషసులోను, బర్మాలోను తెలుగువారందరిని కోరంగులన్నారు. కాగితంలో కోరంగి అని ఉన్నంత మాత్రాన ఆ ఊరివారని నిశ్చయించరాదు. శ్రీకాకుళంవారు కూడ కోరంగులే అయ్యారు.

*మలబారు:* పేరు కేరళ తీరానిది. మద్రాసు వాడుకలో తమిళుడు. రీయూనియన్ ద్వీపంలో దక్షిణాది హిందూ సంతతివారందరికీ నేటికీ ‘మల్బార్’ అనే పేరు. అక్కడ తెలుగు కుటుంబం కూడ ఆ పేరులో కలిసిపోయి ఉండవచ్చు.

*కెలింగ్:* మలయా వాడుక. మూలం కళింగ. పూర్వం దక్షిణాది వర్తకులకు గౌరవంగానే చెల్లిన పేరు. మలక్కాలో పాత మసీదు ఒకటి నేటికీ కంపుంగ్ క్లింగ్ పేరుతో ఉంది. తరువాత ఆ మాట నిందగా మారింది. నేడు మలేసియాలో దానిని ఎదుటివారికి వాడటం అవమానించడమే.

*మద్రాసి:* మద్రాసు రేవునుండి ఎక్కినవాడు. భాషను గాని కులాన్ని గాని చెప్పదు.

ఇది తిట్టేనా?

పుట్టుకలో చిన్నచూపు ఉన్నమాట నిజం. తమ దేవుని ఎరుగనివారు అనే భావంతో పోర్చుగీసువారు పెట్టిన పేరది. కాని మద్రాసులో రెండు వందల ఏండ్లు వాడుకలో నలిగిన తరువాత, జెంటూ అనే గుమాస్తాకు దానిలో మతం తోచలేదు, భాషే తోచింది. జెంటూ వ్యాకరణం వ్రాసిన దొర తెలుగును తిట్టడానికి వ్రాయలేదు, నేర్చుకొనేవారికోసం వ్రాశాడు. ‘కూలి’ అనే మాట కథ దీనికి ఎదురు. మన దేశంలో చేసిన పనికి ఇచ్చే డబ్బుకు, ఆ పని చేసేవానికి చెల్లే సాధారణమైన మాట, తోటలలో మనిషిని చిన్నచేసే మాటగా మారింది. మాటలో విషం అక్షరాలలో ఉండదు. పలికేవాని చూపులో ఉంటుంది.

అందువల్ల మా అభిప్రాయం ఇది. కాగితంలో ఉన్న జెంటూ మాటను సిగ్గుపడి చెరపరాదు. గొప్పగా భావించి కులంగానో ఇంటిపేరుగానో ధరించరాదు. కొన్ని కుటుంబాల వంశవృక్షాలలో కులం ఎదుట ఈ మాట ఎక్కింది. పెండ్లి సంబంధాలప్పుడు దానిపై వాదాలు కూడ వస్తున్నాయి. లేని కులాన్ని పట్టుకొని ఇద్దరు పిల్లల సంబంధం వద్దనుకోవడం ఎంత తప్పో వేరే చెప్పనవసరం లేదు.

ఈ కథ పాతబడినదీ కాదు. నేడు జిద్దా, తాయిఫ్ వంటి సౌదీ పట్టణాలకు పనికోసం వెళ్లే తెలుగువారిని అక్కడివారు ‘హిందీ’ అంటారు. అరబ్బీలో ఆ మాటకు భారతీయుడు అని మాత్రమే అర్థం. అతని మతం ఏదైనా, భాష ఏదైనా అదే పేరు. అరబ్బీ లిపిలో ప-కారం లేదు గనుక పాపారావు పేరు అక్కడ బాబారావు వంటి రూపం పొందుతుంది. నూరేండ్ల తరువాత వారి మునిమనుమలు ఆ కార్డును చేతపట్టుకొని, మన పూర్వుడు హిందీ మాట్లాడేవాడా అని అడగవచ్చు. వ్రాసే చేయి ఎవరిదో తెలియకుండా వ్రాతను చదవరాదు.

ఇప్పుడు ఈ మాట ఎక్కడ ఉంది?

దక్షిణ ధ్రువ ప్రాంతపు దీవులలో జెంటూ పెంగ్విన్ అనే పక్షి ఉంది. తలమీద రెండు కండ్లను కలుపుతూ తెల్లని పట్టీ ఉంటుంది. ఆ పట్టీని తలపాగాతో పోల్చి నావికులు ఈ పేరు పెట్టారని ఒక ఊహ కలదు, నిర్ణయం కాదు. దాని శాస్త్రీయనామంలో ‘పాపువా’ అని న్యూగినీ దేశపు పేరు ఉంది. ఆ దేశంలో పెంగ్విన్లే లేవు. పాపం ఆ పక్షికి రెండు పేర్లూ పరాయివే. ఆ పక్షి పేరునే తీసుకొని 2002లో జెంటూ లినక్సు అనే కంప్యూటరు వ్యవస్థ వెలువడింది. మన పిల్లలు అంతర్జాలంలో ఈ మాట వెదికితే ముందు కనిపించేవి ఈ రెండే. వాటికి మన పూర్వులకు సంబంధం లేదు.

వెదికేవారికి సూచనలు

పాత కాగితాలలో ఈ మాట అక్షరక్రమం నిలకడగా ఉండదు. ఇంగ్లీషులో చివర కొన్నిచోట్ల రెండు ఓ-లు, కొన్నిచోట్ల యు, కొన్నిచోట్ల యు-ఇ ఉంటాయి. మొదటి అక్షరం జి బదులు జె కూడ ఉండవచ్చు. అన్ని రూపాలతో వెదకండి.

కులం గడిలో జెంటూ ఉంటే అక్కడ ఆగక, జిల్లా, తాలూకా, గ్రామం గడులు చదవండి. మన పూర్వుల నిజమైన చిరునామా అక్కడ ఉంటుంది. గంజాం, విశాఖపట్నం, గోదావరి, కృష్ణ, నెల్లూరు అనే జిల్లాపేర్లు వస్తే తెలుగు మూలానికి బలం. ఉత్తర ఆర్కాటు, చెంగల్పట్టు జిల్లాలలో తెలుగువారు, తమిళులు ఇద్దరూ ఉండేవారు గనుక అక్కడ జెంటూ అనే మాటకు విలువ ఎక్కువ: ఆ మనిషి ఇంటిభాష తెలుగని అదొక్కటే చెప్పవచ్చు.

మారిషసువారి పత్రాలు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. చాలామంది ఛాయాచిత్రాలు కూడ ఉన్నాయి. మలయాకు మేస్త్రీల వెంట, కంగాణీల వెంట వెళ్లినవారికి ఇట్లాంటి విడి పత్రాలు అరుదు. వారి విషయంలో ఇంటి పెద్దల నోటిమాట, ఆలయపు చందా పుస్తకాలు, తోట వేతన పుస్తకాలే ఆధారం.

చివరిగా ఒక విన్నపం. కాగితాన్ని నకలు వ్రాసుకొనేటప్పుడు ఉన్నది ఉన్నట్లు వ్రాయండి. జెంటూ అని ఉంటే జెంటూ అనే వ్రాసి, ప్రక్కన ‘తెలుగు అని అర్థం’ అని చేర్చండి. అక్షరం తప్పుగా తోచినా దిద్దవద్దు; ఆ తప్పులోనే ఆనాడు మన పూర్వుడు తన పేరు పలికిన తీరు దాగి ఉండవచ్చు. ఆలయ కుటుంబ పట్టికలో మాత్రం భాష ఎదుట తెలుగు అని వ్రాయించండి. అది మన పూర్వులు తమకు తాము చెప్పుకొన్న పేరు.